రాగి గీత

ఇసుకగెడ్డ (కవిటి మండలం),
11 ఫిబ్రవరి 2001

చిరంజీవి తమ్ముడు లోకనాథ్‌కు,

మీ అప్ప దీవించి రాసేది. మీ బావకి అన్న తిరుపతిరావు గారు పోయారు. రెండు కిడ్నీలూ పాడయ్యాయని విశాఖలో నువ్వే ఆసుపత్రికి తిప్పావు కదా. ఇంటికి తెచ్చాక ఎన్నాళ్లో ఉండలేదు. మా వీధిలో ఇదే జబ్బుతో పోయినవాళ్లను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం. మా అత్త కామేశ్వరమ్మ ఏడవడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

ఈ ఉత్తరం ఆయన గురించి కాదు. కొబ్బరికాయలు దింపే దానయ్య నీకు గుర్తుండే ఉంటాడు. తోట చివర బావి పక్కన పాక. పశువులకి ఆకు పసర్లు ఇస్తుంటాడు. తిరుపతిరావు గారి కాళ్లు వాచినప్పుడు ఆయనే పిలిపించుకుని కషాయం తాగారు. ఇప్పుడు ఊరంతా ఒకటే మాట, దానయ్య చేతబడి చేశాడని, చిల్లంగి పెట్టాడని. అందరూ తాగే ఆ బావిలో మందు కలుపుతున్నాడని. కర్మల రోజున పందిరి కింద నిలబడ్డవాణ్ణి కుర్రాళ్లు ఈడ్చుకెళ్లి కొబ్బరిచెట్టుకి కట్టేశారు. తాడు బిగిస్తే ముంజేతుల తోలు లేచిపోయింది. "బాబూ, నానేటి సేసినాను? నానూ ఆ నీల్లే తాగుతున్నాను కదేటి!" అని ఒకటే గోల. మీ బావగారు అడ్డుపడి విడిపించారు.

ఈసారి ఇలా ఆగరు. నీళ్లలో విషం ఉందో లేదో కనిపెట్టే పుల్ల ఒకటి తయారుచేస్తున్నానని చెప్పావు కదా. ఆ బావి నీళ్లు సీసాలో పోసి, విశాఖ వస్తున్న మా ఊరి సన్యాసిరావు చేతికి ఇస్తున్నాను. అతను రేపు పలాసలో రైలెక్కుతాడు. చూసి రాయి. నీళ్లు మంచివని నువ్వు రాస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయి. బూత్ నుంచి ఫోన్ చేద్దామంటే అక్కడ ఎప్పుడూ నలుగురు నిలబడే ఉంటారు.

మీ అప్ప,
భార్గవి


విశాఖపట్నం,
24 ఫిబ్రవరి 2001

అప్పకు నమస్కారాలు.

సీసా అందింది. నా పుల్ల గురించి నీకు అర్థమయ్యేలా చెబుతాను. గ్రాఫైట్ పొడిలో కొంచెం పారఫిన్ నూనె వేసి నూరితే కాటుకలాంటి ముద్ద అవుతుంది. ఆ ముద్దని సన్నని గొట్టంలో కూరి, వెనకనుంచి తీగ గుచ్చితే అదే ఎలక్ట్రోడ్. ఉత్త కర్బన ముద్ద దేన్నీ గట్టిగా పట్టుకోదు. అందుకని లోహాలను లాక్కునే రసాయనం ఒకటి కూడా అందులో కలుపుతాం. ఏది కలపాలి, ఎంత కలపాలి అన్నదే నా పీహెచ్‌డీ అంతా. నీళ్లలో ముంచితే లోహం వచ్చి ముద్దకి అంటుకుంటుంది. తర్వాత కరెంటు వోల్టేజీ మెల్లమెల్లగా మారుస్తూ పోతే అది ఊడి వస్తుంది. ఊడేటప్పుడు యంత్రం పెన్ను కాగితం మీద ఒక గుట్ట గీస్తుంది. సీసానికి ఒక చోట, కాడ్మియానికి ఇంకో చోట, రాగికి మరో చోట.

మీ నీళ్లలో సీసం లేదు, కాడ్మియం లేదు. రాగి ఉండే చోట మాత్రం పెద్ద గుట్ట వచ్చింది. బావి నీళ్లలో ఇంత రాగి ఉండటం నేను చూడలేదు. ఎక్కడిదో తెలియదు. తోటలకి కొట్టే మైలుతుత్తంలోనూ ఉండేది రాగే, అది బావిలో పడినా ఇలాగే వస్తుంది. అయితే ఇంత రాగితో మనిషి చావడు, కిడ్నీలు పోవు. ఇంకోసారి చూసి వివరంగా రాస్తాను. అందాకా ఎవరితోనూ అనకు.

ఇక్కడ మా గైడ్‌గారు ఆ గీత చూసి సంబరపడ్డారు. నా ఎలక్ట్రోడ్ మొదటిసారి బయటి నీళ్లలో పనిచేసింది కదా మరి. నాకూ సంతోషంగానే ఉంది.

నీ తమ్ముడు,
లోకనాథ్


టెక్కలి,
4 మార్చి 2001

లోకనాథ్,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల దానయ్య ఉన్నాడు. పక్కమంచం మీద అతని భార్య దాలమ్మ, చెయ్యి విరిగి.

నీ ఉత్తరం ముందు నా చేతికి రాలేదు, తర్వాత కింద పడి ఉంటే ఏరుకున్నాను. పోస్టుమాన్ టీ కొట్టు దగ్గర ఇచ్చేశాడు. అక్కడే విప్పి గట్టిగా చదివారు. "రాగి", "మైలుతుత్తం", "బావిలో పడినా" అన్నంతవరకు చదివారు. ఇంత రాగితో మనిషి చావడు అన్న ముక్క ఎవరికీ వినబడలేదు. అప్పటికే లేచి పరుగెత్తుతున్నారు.

దానయ్య పాకలో మైలుతుత్తం దొరికింది. ఎందుకు దొరకదు? తోటలకి మందు కొట్టేది అతనే. ఎవరింట్లో లేదు? మా కొట్టుగదిలో బస్తాడు ఉంది. అయినా ఆ నీలం పలుకులు చూడగానే ఊరు ఊరంతా ఊగిపోయింది. దానయ్యని బావి గట్టుకి తెచ్చి, ఆ తుత్తం నోట్లో కుక్కారు. కక్కితే మళ్లీ కుక్కారు. తర్వాత కటింగ్ ప్లయరు తెచ్చారు. పళ్లు ఊడదీస్తే మంత్రం పలకదట. ముందు పళ్లు నాలుగూ లాగేసరికి దాలమ్మ వచ్చి మీద పడింది. ఆమె చేతిని గట్టు మీద పెట్టి తొక్కారు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను తమ్ముడూ. పాకకి నిప్పు పెట్టారు. కట్టేసిన మేక అరుస్తూ అరుస్తూ ఆగిపోయింది.

ఎవరు ఏం చేశారో ఆ గుంపులో చెప్పలేను. పోలీసులకీ అదే చెప్పాను. ఆటోలో ఎక్కించి తెచ్చింది నేనూ, మా పక్కింటి ఎల్లాజీ తల్లీ.

మైలుతుత్తం మాట ఎందుకు రాశావు? తెలియకపోతే తెలియదని రాసి ఊరుకోవచ్చు కదా.

భార్గవి


విశాఖపట్నం,
9 మార్చి 2001

అప్పా,

ఇకనుంచి నా ఉత్తరాలు మీ పక్కింటి ఎల్లాజీ తల్లి పేరున పంపుతాను. నీ ఉత్తరం చదివి లాబ్‌లో కూర్చోలేకపోయాను. బయటికి వెళ్లాను. వెంటనే మళ్లీ లోపలికి వచ్చాను. ఏడవడం కన్నా చేయగలిగింది ఇంకొకటి ఉంది కదా అనిపించింది.

మొదట నా ఎలక్ట్రోడ్‌నే అనుమానించాను. వెనక గుచ్చింది రాగి తీగే. ముద్దలో పగులుంటే నీళ్లు తీగని తాకి, ఆ రాగే గుట్ట గీసి ఉండొచ్చు. పాతది పారేసి, వెండి తీగతో కొత్తది చేశాను. ముందు స్వేదనజలంలో ముంచాను, గీత చదునుగా వచ్చింది. నీ సీసాలో మిగిలిన నీళ్లలో ముంచాను, మళ్లీ అదే గుట్ట. అంటే రాగి నా పుల్లది కాదు, ఆ సీసాలోనే ఉంది.

నేను మొదటే అడగాల్సినది ఇప్పుడు అడుగుతున్నాను. నీళ్లు దేనితో తోడావు? సీసాలో పోసే ముందు దేంట్లో ఉంచావు? ఏ చిన్న సంగతీ వదలకుండా రాయి.

ఇంకొకటి. పోయిన ఉత్తరంలో బావ మాట ఒక్కటి కూడా లేదు. నా ఉత్తరం టీ కొట్టు దగ్గర విప్పింది ఎవరు? ప్లయరు ఎవరిది? బావ అప్పుడు ఎక్కడున్నాడు?

లోకనాథ్


ఇసుకగెడ్డ,
20 మార్చి 2001

తమ్ముడూ,

దానయ్య పోయాడు. తుత్తం కడుపులో అంతా కాల్చేసిందన్నారు. నోరు ఉబ్బిపోయి మాట రాలేదు. చివర్లో దాలమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

నువ్వు అడిగినవి రాస్తున్నాను. నీళ్లు మధ్యాహ్నం బొక్కెనతో తోడాను. సన్యాసిరావు మర్నాడు గాని బయలుదేరడని తెలిసి, నీళ్లు శుభ్రంగా ఉండాలని మా అత్త పూజ చెంబులో పోసి ఉంచాను. రాగి చెంబు. చింతపండుతో తళతళలాడేలా తోమి మరీ పోశాను. పొద్దున్న సీసాలోకి వంపాను. నువ్వు అడిగిన దగ్గర్నుంచి ఆ చెంబు ముట్టుకోలేదు. బావిలో ఏమీ లేదు కదూ? నేనే పోశాను కదూ ఆ రాగి?

రెండో ప్రశ్న. ఉత్తరం విప్పింది మీ బావ. చదివింది ఆయన. ప్లయరు మా మోటారు షెడ్డులోది. లాగింది ఆయన. "మా అన్నని తినేసినావు, నన్ను తిననిత్తానేటి?" అంటూ లాగాడు. కర్మల రోజున అడ్డుపడింది కూడా ఆయన కాదు, నేనే. తాడు కట్టింది ఆయన. నీకు అబద్ధం రాశాను. ఆయన పేరు నా చేత్తో రాస్తే నిజమైపోతుందనిపించింది.

మీ బావ నాగేంద్రబాబు చెడ్డవాడు కాదు, లోకా. అన్న రొమ్ము మీద తల పెట్టుకుని నిద్రపోయిన మనిషి. అన్న పోయాక రోజూ పొద్దున్నే తన పాదాలు నొక్కి చూసుకుంటున్నాడు, వాచాయేమోనని. కాని దానయ్య నోట్లోంచి రక్తం కారుతుంటే అతని మొహంలో భయం పోయి హాయి కనిపించింది. నేను చూశాను. ఆ మొహంతో ఒకే కప్పు కింద ఎలా ఉంటాను?

పోలీసులు అడిగితే ఊరంతా ఒకటే అంటోంది, "గుంపండీ, ఎవులు కొట్టినారో ఎవులికి తెలుసు." నేనూ అదే అన్నాను కదా.

భార్గవి


విశాఖపట్నం,
29 ఏప్రిల్ 2001

అప్పా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

నేను వచ్చిన రోజు నిన్ను గదిలో పెట్టి గొళ్లెం వేశారు కాబట్టి బావి దగ్గర ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. యాసిడ్‌తో కడిగిన సీసాలు సంచిలో తెచ్చాను. అందరి ముందు నీళ్లు తోడి పట్టుకెళ్లాలని. బావ వచ్చాడు. వెనక నలుగురైదుగురు.

"మల్లీ ఏటికొచ్చినావు?"

"అప్పుడు నీళ్లు రాగి చెంబులో ఉంచారు బావా. ఆ రాగి చెంబుది. బావిలో లేదేమో, మళ్లీ చూడాలి."

బావ నా సంచిలోకి తొంగిచూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేదని తేలితే నన్నేటంతారు? దానయ్య ఏ పాపం ఎరగడంతారు. అప్పుడు నానేటి? సెప్పు, నానేటి?" నా చేతిలో సంచి లాక్కున్నాడు. "ఉన్నాదనే రాయాల నువ్వు" అన్నాడు.

రాయనన్నాను. సీసాలు ఒక్కొక్కటీ గట్టుకేసి కొట్టాడు. ఇద్దరు నన్ను పట్టుకున్నారు. కుడి చెయ్యి గట్టు మీద చాపించి, "ఈ సేత్తోనే కదేటి రాసినావు" అంటూ రాయి ఎత్తాడు. మొదటి దెబ్బకి అరిచాను. తర్వాతివి గుర్తులేవు. ఎల్లాజీ తల్లి నన్ను బస్సెక్కించిందట. రెండు వేళ్లు ఇక వంగవని డాక్టరు చెప్పాడు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. మొన్న హాస్టల్ గేటు దగ్గర దాలమ్మ కూర్చుని ఉంది. మెడకి వేలాడగట్టిన చెయ్యి, రెండో చేతిలో నా సీసా. గలాటాలో ఒకటి పగలకుండా దొర్లిపోతే ఏరుకుందట. మూత తీయకుండా దాచి, బావి దగ్గర మనుషులు లేనప్పుడు నింపి, పలాస దాకా నడిచీ, లారీ ఎక్కీ తెచ్చింది. ఆ బావికేసి ఎవరూ వెళ్లడం లేదట ఇప్పుడు.

లాబ్‌కి తీసుకెళ్లాను. ముద్ద నూరడానికి నా చెయ్యి పనికిరాలేదు. పక్క స్కాలరు రోజా నూరి, గొట్టంలో కూరి, కాగితం మీద రుద్ది నున్నగా చేసింది. దాలమ్మ స్టూలు మీద కూర్చుని ఆ పెన్నునే చూసింది. రాగి చోటు దాటింది. గీత లేవలేదు. ఇంకోసారి చేశాం. అప్పుడూ లేవలేదు.

"ఏటీ నేదా బాబూ?"

"రాగి లేదమ్మా. సీసం, కాడ్మియం కూడా లేవు."

"అయితే తిరుపతిరావు బాబు దేనికి సచ్చిపోయినారు?"

"తెలియదమ్మా. ఇంకా ఎవరికీ తెలియదు."

ఆమె ఆ కాగితాన్ని వేలితో తడిమింది. "ఆ మాటే ముందు రాసుంతే బాగున్ను, బాబూ" అంది. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది.

నేను రేపు పోలీసులకి నా సంగతి చెబుతున్నాను. చెంబు సంగతీ చెబుతాను, నా మైలుతుత్తం మాటా చెబుతాను. బావి గట్టు మీద ఆ రోజు దానయ్యని చంపింది ఎవరో మాత్రం నేను చూడలేదు. నువ్వు చూశావు. చెప్పమని అడగను. ఆ ఇంట్లో ఉండేది నువ్వు.

లోకనాథ్


టెక్కలి,
16 జూలై 2001

తమ్ముడూ,

చెప్పేశాను. మేజిస్ట్రేటు గారి ముందు నాగేంద్రబాబు పేరు చెప్పాను.

ముందు అతనితోనే అన్నాను. వెన్నుపోటు పొడిచానని అతను అనుకోకూడదని. పశువుల శాల దగ్గర ఉన్నాడు. "నేను చూసింది చెప్పేస్తాను, నువ్వే వెళ్లి ఒప్పుకో, శిక్ష తగ్గుతుంది" అన్నాను. నా జుట్టు పట్టుకుని కుడితి గోలెంలో ముంచాడు. "నీల్లు మంచివంతన్నావు కదే, తాగు! తాగి సూపించు!" పైకి లాగి మళ్లీ ముంచాడు. తవుడూ బురదా ముక్కుల్లోకి పోయాయి. కాళ్లు తన్నుకోవడం ఆగిపోయింది. చచ్చిపోతున్నానని తెలిసింది. నిజం చెప్పాలంటే అప్పుడు భయం కూడా లేదు.

జుట్టు పట్టిన చెయ్యి వదిలింది. వెనక్కి పడ్డాను. చూస్తే మా అత్త రోకలి పట్టుకుని ఉంది. కొడుకు భుజం మీద కొట్టింది. అతను తిరిగి చూస్తే మళ్లీ కొట్టింది. పెద్ద కొడుకు పోయిన రోజున ఏడవని మనిషి ఆరోజు ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తూ, "ఒక్కడు సాలలేదేట్రా నీకు? ఒక్కడు సాలలేదేటి?" అంటూ కొట్టింది. అతను తప్పించుకోలేదు. కింద కూర్చుని తల మీద చేతులు పెట్టుకున్నాడు.

ఆ తడి బట్టలతోనే టెక్కలి బస్సెక్కాను. దాలమ్మ నన్ను తన చెల్లెలింట్లో ఉంచుకుంది. పోలీసులు అతన్ని పట్టుకెళ్లేటప్పుడు చూశాను. నాకేసి చూసి, "అమ్మకి బీపీ బిళ్లలు అయిపోయినాయి, తెచ్చియ్యి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను తెచ్చి పంపాను.

భార్గవి


విశాఖపట్నం,
2 ఆగస్టు 2001

అప్పా,

విశాఖ వచ్చేయి. గది చూశాను. ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు.

నా థీసిస్‌లో ఆ రాగి గుట్టని పెట్టమన్నారు గైడ్‌గారు. ఎలక్ట్రోడ్ బయటి నీళ్లలోనూ రాగిని పట్టుకుంటుందనడానికి అంతకన్నా మంచి రుజువు లేదట. పెట్టనన్నాను. వాదన అయింది. ఆఖరికి పెట్టాను. కింద, నీళ్లు ఏ పాత్రలో ఉంచారో మొదట అడగకపోవడం వల్ల ఒక మనిషిని చంపేశారని రాశాను. థీసిస్‌లో ఇలాంటివి రాయరు అన్నారాయన. తీసేయమని మాత్రం అనలేదు.

లోకనాథ్


ఇసుకగెడ్డ,
23 నవంబర్ 2003

తమ్ముడూ,

తీర్పు వచ్చింది. నాగేంద్రబాబుకి యావజ్జీవం. కాళ్లూ చేతులూ పట్టుకున్న ఇద్దరికి తక్కువ శిక్షలు. కోర్టులో అత్త తనకేమీ తెలియదంది. నేనేమీ అనుకోలేదు. తల్లి కదా.

విశాఖ రమ్మని ఇన్నిసార్లు రాశావు. కేసు అయ్యేదాకా కదలనన్నాను. అతను జైలుకెళ్లాక టెక్కలి నుంచి ఇంటికి తిరిగొచ్చేశాను, అత్తకి నేను తప్ప ఎవరూ లేరు. ఇక్కడే ఉంటాను. దాలమ్మ మా తోట చూసుకుంటోంది. తన పాక ఉన్న చోటే మళ్లీ కట్టించాం. బావి నీళ్లు ముందు నేనూ ఆమే తాగాం. మెల్లగా వీధంతా తాగుతోంది.

మొన్న వీధిలో ఇంకొకరు పోయారు, అదే జబ్బుతో. శవం లేచిన సాయంత్రమే కుర్రాళ్లు మా ఇంటికి వచ్చారు. చేతుల్లో కిరసనాయిలు డబ్బా, కర్రలు. మొగుణ్ణి జైల్లో పెట్టించినది ఊరికి మంచి చేస్తుందా, దానయ్య విద్య ఇప్పుడు నాకు వచ్చిందట, నేనే చిల్లంగి పెట్టానట. ముందున్న కుర్రాడి తండ్రే పోయింది. నాలుగేళ్ల కిందట వాడికి నేను ఎక్కాలు చెప్పాను. వాడి కళ్లలో బావిగట్టు మీద నాగేంద్రబాబు కళ్లే కనిపించాయి.

దాలమ్మ కొబ్బరి కత్తి తెచ్చుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఆమె వెనకే నిలబడ్డాను. అప్పుడు మా అత్త లోపలినుంచి వచ్చింది. ఆ మెట్లు దిగడమే ఆమెకి కష్టం. దిగి వాళ్ల మధ్యకి వెళ్లి ఆ కుర్రాడి ముందు నిలబడింది.

"ఒరే, మీ నాన్న ఎందుకు పోయినాడో నాకు తెల్దు. నా పెద్ద కొడుకు ఎందుకు పోయినాడో తెల్దు. నా రెండో కొడుకు ఎందుకు పోయినాడో తెలుసు. నీలాగే డబ్బా పట్టుకొచ్చినాడు, అందుకు. రేపు మీ అమ్మ నాలాగ జైలు గేటు కాడ కూకుంతే నీకు బాగుంతాదేట్రా?"

వాడు వెనక్కి తిరిగి మిగిలినవాళ్లకేసి చూశాడు. తర్వాత డబ్బా కింద పెట్టేసి, మోకాళ్ల మీద కూలబడి "నాన్నా" అని ఏడ్చాడు. అత్త వాడి తల తన పొట్టకి అదుముకుంది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

తర్వాత అత్త అరుగు మీద కూర్చుండిపోయింది. మంచు పడుతోంది, లోపలికి రమ్మని పిలిచాను. నాకేసి చూడలేదు. కొడుకుని పట్టించిన రోజు నుంచి ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడలేదు. దుప్పటి తెచ్చి కప్పాను. తీసేయలేదు.

మీ అప్ప,
భార్గవి